సోమలమ్మ తెల్ల పన్ను

తాతబ్బాయి నోట్లో వెయ్యడానికని తడిపి ఉంచిన బియ్యంలో సోమలమ్మ ముందు పన్ను ఊడిపడింది.

పొద్దుటి ఎండ ఇంకా ముదరలేదు. శవానికి స్నానం చేయించి, పసుపు రాసి, కొత్త పంచె కట్టి వాకిట్లో పడుకోబెట్టారు. తల దగ్గర సోమలమ్మ కూర్చుంది. బలిఘట్టంలో ఎవరింట్లో ఎవరు పోయినా ఆ చోటు సోమలమ్మదే. పక్కన పళ్లెంలో బియ్యం. పాడె ఎత్తే ముందు అయినవాళ్లందరూ పోయిన మనిషి నోట్లో తలో నాలుగు గింజలు వేస్తారు, ఆ బియ్యమది. ఆమె రాగం తీసి ఏడుస్తుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లు అందుకుంటున్నారు. తాతబ్బాయి చెరుకు తోటకి నీళ్లు కట్టడం అయింది. ఎడ్లతో మాటలాడుకోవడం అయింది. గట్టు మీద మరిచిపోయి వచ్చే తువ్వాలు అయింది. ఇక అతని నవ్వు దగ్గరికి వచ్చింది.

“నువ్వు నవ్వితే...” అని సోమలమ్మ గొంతు పైకెత్తింది.

ఆ ఎత్తులో పన్ను జారింది. చప్పుడేమీ చెయ్యలేదు. తడి బియ్యంలో పడి కూరుకుపోయింది. తెల్లటి పన్ను, తెల్లటి బియ్యం. పడ్డ చోటు ఆమె కళ్లారా చూసింది గానీ, ఒకసారి రెప్ప వేసి మళ్లీ చూసేసరికి ఏది పన్నో ఏది గింజో పోల్చుకోలేకపోయింది.

సోమలమ్మ నోరు మూసుకుంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండో చెయ్యి మెల్లిగా పళ్లెం వైపు చాచింది. అంతలో తాతబ్బాయి పెద్దకొడుకు ధర్మారావు వచ్చి ఆ పళ్లెం తన ముందుకు లాక్కున్నాడు. అతని కళ్లు నీళ్లతో నిండిపోయి ఉన్నాయి. చేతికందినంత బియ్యం తీశాడు. వేళ్ల సందున పన్ను అంచు ఒక్క క్షణం ఎండకి తళుక్కుమంది. సోమలమ్మకి కనిపించింది, ధర్మారావుకి కనిపించలేదు. తండ్రి పెదాలు వేలితో విడదీసి ఆ గుప్పెడూ లోపల వేశాడు.

“ఏటయింది సోమలమ్మక్కా, ఆపేశావేటి?” అని వెనకనుంచి ఎవరో అడిగారు.

సోమలమ్మ చెంగు తియ్యకుండానే తల అడ్డంగా ఊపింది.

“నోట మాట పడిపోయిందర్రా పాపం,” అంది ఇంకో ఆవిడ.

ఆ మాటతో వాకిట్లో ఉన్న ఆడవాళ్లందరూ ఒక్కసారి భోరుమన్నారు. సోమలమ్మ నలభై ఏళ్లకి పైగా ఏడిపిస్తున్న ఆ ఊరు అంతగా ఏడవడం ఆ రోజే. ఏడుపు మధ్యలో పాడె లేచిపోయింది.

సోమలమ్మకి ఈ విద్య తల్లి నుంచి వచ్చింది. తల్లి రాజులమ్మది ఎస్. రాయవరం పక్క ఊరు. చావింటికి వెళ్తూ కూతుర్ని వెంట తీసుకెళ్లేది. సోమలమ్మ పెళ్లై బలిఘట్టం వచ్చిన ఏడాదే అత్తగారు పోయింది. చుట్టాలందరూ “అమ్మా, మమ్మల్ని వదిలి ఎల్లిపోనావా” అని అందరూ అనేదే అంటుంటే, మూల కూర్చున్న కొత్త కోడలు సన్నగా అందుకుంది: “అన్నం వార్చిన గంజి ముందు పక్కింటి గేదెకి పోసీదానివి, మన గేదె అలిగితే దానికి సర్ది సెప్పీదానివి, ఇంక దానికెవరు సెప్తారే అత్తా” అని. ఆ ఇంట్లో ఏళ్లపాటు గంజి తాగిన వాళ్లెవరికీ గుర్తులేని సంగతి అది. పక్కింటావిడ గుండెలు బాదుకుంది. ఆ రోజునుంచి ఊళ్లో తల దగ్గర చోటు ఆమెకి వచ్చేసింది.

ఏడిపించినందుకు ఆమె ఏమీ పుచ్చుకోదు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదు. అబద్ధం మాత్రం ఆడదు. పిసినారి పోతే దాత అనదు, “గోనెసంచి కూడా పారెయ్యని జాగ్రత్తగాడా” అంటుంది. తాగుబోతు పోతే అతను తాగని పూట ఏదో వెతికి పట్టుకుని ఆ పూట గురించి ఏడుస్తుంది. అందుకని ముసలివాళ్లు కాస్త ఒంట్లో బాగోకపోతే సోమలమ్మ ఇంటి మీదుగా నడిచేవారు. అరుగు మీద కూర్చుని, ఆ కబురూ ఈ కబురూ చెప్పి, లేచేటప్పుడు “మా బావిలో నీళ్లు ఏ యేసంగీ ఇంకలేదు, గుర్తుందా నీకు” అని ఒక ముక్క జారవిడిచి వెళ్లేవారు. ఆమెకి అర్థమయ్యేది. “గుర్తుందిలే మావా” అనేది.

తాతబ్బాయి ఆమెకి మేనత్త కొడుకు, వరసకి బావ. కుర్రతనంలో చెరుకు బండి కాడి ఎగిరి మూతికి తగిలి అతని ముందు పళ్లు పోయాయి. ఆ తర్వాత అతను నవ్వినప్పుడల్లా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. పెళ్లిలో ఫోటో తీసేవాడు ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. ఓసారి తోటలో అందరూ చెరుకు కొడుతూ చెమటలు కక్కుతుంటే, అతను ఏదో గుర్తొచ్చి తువ్వాలు వెతుక్కునే లోపలే నవ్వేశాడు. పక్క సాలులో ఉన్న సోమలమ్మ, అప్పటికింకా చిన్న వయసు, “బావా, నువ్వు నవ్వితే దొడ్డి తలుపు తీసినట్టుంటాదేటి. గాలొస్తంది. మూయకు,” అంది. తోటంతా నవ్వింది. తాతబ్బాయీ నవ్వాడు. ఆ తువ్వాలు మళ్లీ నోటిదాకా వెళ్లలేదు.

నలభై ఏళ్ల తర్వాత, మంచం పట్టాక, అతను సోమలమ్మని ఒక్కటే అడిగాడు.

“నా ఎడ్ల సంగతి మరిసిపోయినా పర్లేదు, తోట సంగతి మరిసిపోయినా పర్లేదు. నా నవ్వు సంగతి మాత్రం సెప్పాల. నలుగురూ ఇనాల.”

“ముందు పోడం నేర్చుకో బావా, తర్వాత సూద్దాం,” అంది సోమలమ్మ. అంటే ఒప్పుకున్నట్టే.

అలా ఒప్పుకున్న కొన్నాళ్లకే ఆమె పన్ను విరిగింది. చెరుకు గడ పంటితో చీలుస్తూ, ఈ కాలం పిల్లలకి ఈ పని చేతకాదని కోడలు లోవలక్ష్మికి చెబుతుండగా విరిగింది. సగం పన్ను చెరుకులో ఉండిపోయింది. కోడలు మర్యాదస్తురాలు. నవ్వకుండా ఆటో మాట్లాడి నర్సీపట్నం తీసుకెళ్లింది.

పళ్ల డాక్టరు రోజారమణి ఇంకా చిన్నపిల్లే. మేడ మెట్ల మీద గది. పన్ను చూసి, వేరు బాగుచేసి, పైన క్యాపు వెయ్యాలంది. అసలు క్యాపు విశాఖపట్నంలో తయారై రావాలి, అందాకా టెంపరరీది పెడతానంది. తర్వాత సోమలమ్మ నోరు ఇంకాస్త తెరిపించి, అంగిలి చూసి, మొహం ముడుచుకుంది.

“మామ్మా, అడ్డచుట్ట కాలుస్తారా?”

నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం సోమలమ్మకి తల్లి నేర్పిన రెండో విద్య. “ఎప్పుడైనా,” అంది.

“ఇంక ఎప్పుడూ వద్దు. మీ అంగిలికి మంచిది కాదు. పైగా ఈ క్యాపు ప్లాస్టిక్ లాంటిది, నిప్పు తగిలితే పాడైపోతుంది.”

డాక్టరమ్మ ఒక బద్ద తీసింది. దానికి వరసగా పళ్లు గుచ్చి ఉన్నాయి. మల్లెమొగ్గ తెలుపు దగ్గర మొదలై ఎండిన మొక్కజొన్న గింజ రంగు దాకా. ఒక్కొక్కటే సోమలమ్మ పళ్ల పక్కన పెట్టి చూసింది. సోమలమ్మ పళ్ల రంగు ఆ వరసలో చివరి పన్ను దాటి ఇంకొంచెం దూరం వెళ్లింది.

“టెంపరరీ వాటిలో అన్ని రంగులూ దొరకవు మామ్మా. ఉన్నవాటిలో ఈ పచ్చది వేస్తే కొంచెం కలుస్తుంది.”

“ఇంత దూరమొచ్చి పచ్చది ఏయించుకుంటానేటమ్మా. పచ్చవి నాకు నోటినిండా ఉన్నాయి. తెల్లది ఎట్టు.”

“ఒక్కటే తెల్లగా ఉంటే అందరూ దాన్నే చూస్తారు.”

“సూడనీ.”



అందరూ దాన్నే చూశారు. ఆ మాటలో డాక్టరమ్మ తప్పేమీ లేదు. మిగతా పళ్లు ఎండకి ఎండలాగా, నీడకి నీడలాగా మారుతుంటే ఈ పన్ను మాత్రం ఎక్కడున్నా ఒకేలా, సున్నం కొట్టిన గోడలా నిలబడింది. వీధిలో ఎవరితో మాట్లాడినా వాళ్ల చూపు ఆమె కళ్ల మీద నుంచి జారి నోటి మీద ఆగిపోయేది. పాలు పోసే ఆవిడ ఓ పూట కొలత మరిచిపోయింది. సోమలమ్మకి తెలియకుండానే చెంగు నోటి దాకా వెళ్లడం మొదలుపెట్టింది.

తాతబ్బాయి మంచం మీంచే చూసి పట్టుకున్నాడు.

“నోట్లో ట్యూబులైటు ఎట్టించుకున్నావేటే సోమలీ.”

“నీకు కుళ్లు బావా.”

“కుళ్లే. ఒకటి నాకూ ఇయ్యకూడదేటే. పోయేలోపల ఒక్క జంతిక కొరికి కరకర ఇనాలనుంది.”

“అడిగితే పన్ను ఇచ్చీవోళ్లు ఎక్కడైనా ఉన్నారేటి.”

“అడగడం నా వంతు,” అన్నాడు. నవ్వాడు. నవ్వు సగంలో దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, ఆమె నోటికి అడ్డంగా ఉన్న చెంగు వైపు చూసి, “నాకు సెప్పినదానివి, నువ్వెందుకే మూస్తన్నావు,” అన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే ఆఖరు.

ఇప్పుడు ఆ తాతబ్బాయి, నవ్వు సంగతి నలుగురూ వినకుండానే, ఆమె ఎంగిలి పన్ను నోట పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమలమ్మని ఇది కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. ఊడిన పన్ను గురించి ఆమెకి బెంగ లేదు. నవ్వు దగ్గర మాట తెగిపోయింది, అదీ బెంగ. ధర్మారావుకి చెప్పేద్దామని ఒకసారి వాళ్ల వీధి మొదటిదాకా వెళ్లింది. తండ్రికి చివరి బియ్యం పెట్టిన చేతిని పట్టుకుని ‘నాయనా, దాంతో నా ఎంగిలి పెట్టావు’ అని ఎలా చెప్పడం? వెనక్కి వచ్చేసింది. ధర్మారావు జీడిపిక్కల వ్యాపారం చేస్తాడు, మాట తక్కువ మనిషి. సోమలమ్మ ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు. ఆమె ఎందుకాపేసిందో అతను అడగలేదు. అడగకపోవడమే ఎక్కువగా గుచ్చుకుంది.

ఊరు మాత్రం ఇంకోలా అనుకుంది. దుఃఖం ఎక్కువై సోమలమ్మ గొంతు ఆగిపోయిందన్న కబురు నర్సీపట్నం కూరల మార్కెట్టు దాకా పోయింది. జన్మలో ఆమెకి రాని పేరు ఒక్క మూసిన నోటితో వచ్చింది. మనుషులు వచ్చి పరామర్శించారు. ఒకావిడ కొబ్బరిబోండం తెచ్చి, “గొంతుకి మంచిది, తాగక్కా,” అంది. సోమలమ్మ చెంగు చాటునే తాగింది.

పెద్దకార్యం నాడు దూరపు చుట్టాలు వస్తారు. వచ్చినవాళ్లతో పాటు ఏడుపు మళ్లీ లేస్తుంది. తెగిన మాట కలపడానికి ఆ రోజొక్కటే మిగిలింది. అది దాటితే ఆ ఇంట్లో తాతబ్బాయి కోసం ఎవరూ నోరు తెరవరు. సోమలమ్మ కోడల్ని అడగకుండా తనే ఆటో ఎక్కింది.

“విశాఖపట్నం నుంచి అసలుది ఇంకా రాలేదు. పాత క్యాపు ఏది మామ్మా?” అంది రోజారమణి.

“పోయిందమ్మా.”

“మింగేశారా?”

“నేను మింగలేదు.”

డాక్టరమ్మ ఇంకా ఏమైనా చెబుతుందేమోనని చూసింది. సోమలమ్మ కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది.

“ఈసారి పచ్చది ఎట్టమ్మా. ఉన్నవాట్లో బాగా పాతగా కనపడేది.”

“అందరూ బాగా కనపడాలని వేయించుకుంటారు.”

“నేను కనపడకూడదమ్మా, ఇనపడాల.”

రోజారమణికి ఆ మాట అర్థమైందో లేదో గానీ పని మాత్రం శ్రద్ధగా చేసింది. ముద్ద కలిపి, అచ్చులో వేసి, పన్ను మీద నొక్కి, గట్టిపడ్డాక తీసి అరగదీసింది. ట్యూబులైటు కింద చూస్తే బాగానే కలిసింది. అయినా ఆమెకి నమ్మకం కుదరలేదు. సోమలమ్మని లేపి, చెయ్యి పట్టుకుని మెట్ల మీదకి, ఎండలోకి తీసుకొచ్చింది. కింద ఆటోలు, బస్సు హారన్లు. అక్కడ నోరు తెరిపించి చూస్తే, లోపల కలిసిన రంగు బయట విడిపోయింది.

“మన పన్ను అరటాకు లాంటిది మామ్మా. ఎండకి పెడితే కొంత వెలుతురు లోపలికి తీసుకుంటుంది. ఈ ముద్ద తీసుకోదు, పడ్డది పడ్డట్టే వెనక్కి కొట్టేస్తుంది. అందుకే అబద్ధంలా కనిపిస్తుంది,” అంది. లోపలికి వెళ్లి సన్నటి కుంచెతో చిగురు దగ్గర మట్టిరంగు పూసింది. అంచు పలచగా అరగదీసింది. మళ్లీ ఎండలోకి తెచ్చింది. “నా చేతనైంది ఇంతే. ఊడకుండా గట్టిగానే అతికించాను. కొన్నాళ్లు టీ తాగకండి, పసుపు ఎక్కువున్న కూరలు తినకండి. ఈ ముద్ద రంగు పీల్చేస్తుంది.”

సోమలమ్మ ఆ ఆఖరి మాట జాగ్రత్తగా విని ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం నుంచి డాక్టరమ్మ వద్దన్నవన్నీ వరసపెట్టి చేసింది. చిక్కటి టీ పెట్టించుకుని మింగకుండా బుగ్గన పట్టి కూర్చునేది. లోవలక్ష్మి పలకరిస్తే చేత్తో ఆగమని సైగ. పసుపు ముద్ద చేసి పన్నుకి రాసింది. మర్నాటికి అది పండక్కి పసుపు రాసిన గడపలా వెలిగిపోతుంటే కోడలు ఇంక ఆపుకోలేకపోయింది.

“అత్తా, పన్నుకి కుంకం బొట్టు కూడా ఎట్టమంటావా?”

“నవ్వు, నవ్వు. నీ నోరు బాగుంది కాబట్టి నవ్వుతున్నావు.”

కోడలు నవ్వు ఆపింది. ఆ తర్వాత టీ ఇంకాస్త చిక్కగా కాచి, అడగకుండానే తెచ్చి పెట్టింది. పచ్చదనం మీద టీ మరక, టీ మరక మీద ఉసిరికాయ వగరు. చుట్ట జోలికి మాత్రం వెళ్లలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ పన్ను మిగతావాటి పక్కన పరాయితనం మానేసి ఒదిగి కూర్చుంది.

పెద్దకార్యం నాటికి వాకిట్లో షామియానా వేశారు. కుర్చీ మీద తాతబ్బాయి ఫోటో, దానికి దండ. పెళ్లి ఫోటో లోంచి కోసి పెద్దది చేయించారు. పెదవులు బిగించి ఉన్నాయి. దూరపు చుట్టాలు దిగారు. ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుపు మొదలుపెట్టారు. ధర్మారావు స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు.

సోమలమ్మ వచ్చి ఫోటో పక్కన కూర్చుంది. ఎవరో తప్పుకుని చోటిచ్చారు. ఆమె చెంగు నడుముకి దోపుకుంది. తోట జోలికి పోలేదు, ఎడ్ల జోలికి పోలేదు. తెగిన చోటే అందుకుంది.

“నువ్వు నవ్వితే... నువ్వు నవ్వితే దొడ్డి తలుపు తీసినట్టుండీది బావా... ఆ గాలికి మా సెమటలు ఆరీవి బావా... తలుపు ఏసుకుని ఎల్లిపోనావు, మాకు ఉక్కపోత్తంది బావా...”

ఎవరి చూపూ ఆమె నోటి మీద ఆగలేదు. అందరూ ఫోటోలో ఆ బిగిసిన పెదవుల వైపు చూశారు. చెరుకు కొట్టినవాళ్లకి ఆ తోట గుర్తొచ్చింది. ఆ నవ్వు ఎన్నడూ చూడని దూరపు చుట్టాలు కూడా చూసినవాళ్లలాగే కళ్లు ఒత్తుకున్నారు. సోమలమ్మ ఎప్పుడూ ఇతరులని ఏడిపిస్తుందే గానీ తను ఏడవదు. ఏడిస్తే గొంతు చెడుతుందని తల్లి చెప్పింది. ఆ రోజు గొంతు చెడింది. చెడ్డ గొంతుతోనే ఆఖరు మాట దాకా వచ్చి ఆగింది.

భోజనాలకి అందరూ లేచారు. సోమలమ్మ ఆ ఇంట్లో తినదు కాబట్టి చెప్పులు వెతుక్కుంటోంది. వెనకనుంచి ధర్మారావు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కనే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఉన్నా గొంతు తగ్గించలేదు.

“పిన్నీ, ఇయ్యాల బాగా ఏడిశావు. మరి ఆ రోజు ఎందుకాపేశావు? మా నాన్న నిన్ను అడిగిందల్లా ఆ ఒక్క మాటే గదా. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు సెప్పకండా, ఉత్త నోటితో పంపించేశావు ఆయన్ని.”

సోమలమ్మ చెప్పులు వెతకడం ఆపింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. అతని కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“మీ నాన్న ఒక పన్ను కూడా అడిగాడు బాబూ, అది ఆ రోజు నీ సేత్తోనే ఇప్పించాను.”